చెప్పని ధర

"నోరు తెరవొద్దు వదినా. తల ఊపితే చాలు. పైకా, కిందికా?"

సోమనగౌడ వంటింటి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. దాక్షాయణి చేతిలో నీళ్ళ బిందె ఉంది. అతను పక్కకు జరిగితే తప్ప ఆమె లోపలికి పోలేదు.

"శుక్రవారం పేపర్లో వస్తుంది సోమూ. రేడియోలో కూడా చెబుతారు."

"శుక్రవారం ఊరంతా చదువుతుంది. ఊరంతా చదివాక మనం చదివితే ఎంత, చదవకపోతే ఎంత?"

ఆ మాట తప్పని ఆమె అనలేకపోయింది. రాబోయే నెలల్లో మిరప ధర తగ్గుతుందని తెలిసిన మర్నాడే అందరూ సరుకు బయటికి తీస్తారు. మూడు నెలల తర్వాత పడవలసిన ధర ఆ వారంలోనే పడుతుంది. ఆమె పరిశోధనలో ఒక అధ్యాయం మొత్తం ఆ సంగతే.

లోపల నీలవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు ఆగలేదు.

"షావుకారు రోజూ ఫోన్ చేస్తున్నాడు," అన్నాడు సోమనగౌడ. "ఇప్పుడిస్తే ఈ ధర, తర్వాత సంగతి నాకు తెలీదు అంటున్నాడు. నాన్నేమో వినాయక చవితి దాకా కదిలించనంటాడు. మధ్యలో నువ్వు! ఇంటికొచ్చిన గంగిరెద్దుకైనా అడిగితే తల ఊపడం వచ్చు వదినా. ఇంత చదివినదానివి, నీకు రాదా?"

"అది ఎవరు అడిగినా ఊపుతుంది సోమూ. అందుకే దాన్ని ఎవరూ నమ్మరు."

అరుగు మీద నుంచి ఫకీరగౌడ గొంతు వినిపించింది. "సోమా, ఆ పిల్లని లోపలికి పోనీ. బిందె బరువు."

"బరువు బిందెది కాదు నాన్నా. ఈ ఇంటి రొట్టె తింటూ ఈ ఇంటికి ఒక్క మాట చెప్పకపోతే..."

రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

నీలవ్వ తల తిప్పలేదు. చేతులు పిండి మీదే ఉన్నాయి. సోమనగౌడ కాసేపు తల్లి వీపు వైపు చూసి, మాట పూర్తి చేయకుండానే పక్కకు జరిగాడు.

దాక్షాయణి బిందె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కోపం రాలేదు. అతనిది పేరాశ కాదని ఆమెకు తెలుసు. అన్న పోయాక హుబ్బళ్ళిలో ఉద్యోగం వదిలి వచ్చి పొలంలోకి దిగినవాడు. వేసిన పంట వాన మీదే ఆధారపడితే ఇంకో ఏడు కూడా ఇలాగే గడుస్తుందని, ఈ మిరప అమ్మి బోరు వేయాలని చూస్తున్నాడు. శీతల గిడ్డంగిలో ఉన్నదే ఈ ఇంటికి ఉన్న ఏడాది పంట.

ఆమె మాట ఇచ్చింది కూడా నిజమే. విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థికశాస్త్ర శాఖ వారు మిరప ధర ఎటు పోతుందో ముందుగా అంచనా కట్టి ప్రకటిస్తారు. ఈసారి లెక్క కట్టింది దాక్షాయణి, ఆమె గైడు. ప్రకటించే దాకా భర్తకైనా చెప్పకూడదని అక్కడి నియమం. ఆ నియమం చెప్పినప్పుడు గైడు ఒక్క క్షణం ఆగి, "ఇంట్లో ఎవరికైనా" అని సవరించుకుంది.

ఆమె భర్త విరూపాక్ష కిందటేడు తొలివానకు పొలంలో పిడుగు పడి పోయాడు. తర్వాత దాక్షాయణిని పుట్టింటికి పొమ్మన్నవారు లేరు, ఉండమన్నవారూ లేరు. ఆమె ఉండిపోయింది. ఉదయం బస్సులో విశ్వవిద్యాలయానికి వెళ్ళి, సాయంత్రం బస్సులో వచ్చేది.

"కారం అయిపోయింది," అంది నీలవ్వ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఏడాదిగా ఆమె అడిగితే తప్ప మాట్లాడలేదు. అడిగినా సగం మాటే.

"అక్క పంపిన డబ్బాలో అడుగు కనబడుతోంది. ఈ ఏడు మనింట్లోనే కొడతాను."

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగే దాకా కారం కొట్టరు. అయినవాళ్ళు పంపింది తింటారు. ఏడాది తిరిగాక ఆ ఇంటివాళ్ళు కారం కొట్టి, పంపిన ప్రతి ఇంటికీ తిరిగి పంపాలి. అది తీరితే ఇంటికి పట్టిన మైల తీరినట్టు.

"కొడదాం అత్తా," అంది దాక్షాయణి వెంటనే. ఆమె గొంతులో ఎన్నాళ్ళకో ఒక తొందర. "మావయ్యా, రెండు బస్తాలు తెప్పించండి. ఈ వారంలోనే. వానలు వస్తే ఎండవు."

"రెండా? ఎవరి పెళ్ళి?" అన్నాడు సోమనగౌడ.

"పంపిన ఇళ్ళు ఎన్నో నీకేం తెలుసురా," అంది నీలవ్వ. "నీకు పళ్ళెంలో పడ్డదే తెలుసు."

సోమనగౌడ నవ్వాడు. తల్లి తిట్టి ఎన్నాళ్ళయిందో!

ఫకీరగౌడ మాత్రం నవ్వలేదు. అరుగు మీద నుంచి లేచి వచ్చి, గడప అవతల నిలబడి కోడలి ముఖం వైపు చూశాడు.

"ఈ వారంలోనే అంటావు."

"అవును మావయ్యా."

"సరే," అన్నాడాయన. ఇంకేదో అడగబోయినట్టు పెదవి కదిలింది. అడగలేదు.

*

"మీ ఇంట్లో మిరప ఉందా?"

ఆమె గైడు డాక్టర్ హంచినమని మేడం ఆ ప్రశ్న మామూలుగా అడిగింది, రొట్టె తుంచుతూ. బుధవారం మధ్యాహ్నం ఆమె గదిలో ఇద్దరే ఉన్నారు. దాక్షాయణి తెచ్చిన వంకాయ కూర డబ్బా ఇద్దరి మధ్యా ఉంది.

"ఉంది మేడం. గిడ్డంగిలో."

మేడం చెయ్యి ఆగింది. "ఈ సంగతి ముందే చెప్పవలసింది."

"మీరు అడగలేదు మేడం."

"అడగలేదు. అడగవలసింది నేనే." ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "చెప్పావా ఇంట్లో?"

"లేదు."

"అడుగుతున్నారా?"

"మరిది అడుగుతున్నాడు. మావయ్య అడగరు. చూస్తారు."

"అడిగేవాడితో బాధ లేదు. చూసేవాడితోనే." మేడం నవ్వబోయి మానుకుంది. "నేను కొత్తగా ఈ పనిలో చేరినప్పుడు మా నాన్న శనగల ధర అడిగాడు. చెప్పలేదు. నాతో మాట్లాడటం మానేశాడు."

"తర్వాత?"

"తర్వాత మా అంచనాయే తప్పయింది. చెప్పి ఉంటే ఇల్లు మునిగేది. ఆ సంగతి ఆయనకి చెప్పి నవ్వించాలనుకున్నాను. ఈలోగా ఆయన పోయాడు."

దాక్షాయణి కూర డబ్బా మూత పెట్టింది.

"ఈసారి మన లెక్క తప్పవచ్చా మేడం?"

"తప్పాలని ఉందా నీకు?"

లెక్క తప్పదని ఇద్దరికీ తెలుసు. గిడ్డంగులన్నీ నిండి ఉన్నాయి. పక్క రాష్ట్రంలోనూ అంతే. కొత్త పంట రాకముందే ఈ సరుకంతా బయటికి రావాలి. ఇప్పుడు అమ్ముకున్నవాడు నిలబడతాడు. వినాయక చవితి దాకా ఆగినవాడు చితికిపోతాడు. ఆగుదామంటున్నది ఆమె మామగారే.

"ఇవాళా రేపూ హాస్టల్లో ఉండిపో," అంది మేడం. "వార్డెన్‌కి నేను చెబుతాను. శుక్రవారం ప్రకటన అయ్యాక ఇంటికి పో."

"నేను రాకపోతే మావయ్య అదే జవాబనుకుంటారు మేడం."

"పైకనా, కిందికనా?"

"ఎటైనా సరే. జవాబు దొరికిందనుకుంటారు."

మేడం కూర డబ్బా ఆమె వైపు జరిపింది. "మార్కెట్‌ని చదవడం నీకు నేర్పాను. అత్తారింటిని చదవడం నాకే రాదు. పో, జాగ్రత్త. ముఖం కడుక్కుని పో. నిద్ర లేనట్టు కనబడుతున్నావు. దాన్ని కూడా ఎవరో ఒకరు చదువుతారు."

*

బస్సు దిగి ఇంటి మలుపు తిరిగేసరికి నవ్వులు వినిపించాయి. తన ఇంటి నుంచి నవ్వులు వస్తున్నాయని నమ్మడానికి దాక్షాయణికి కాస్త సమయం పట్టింది.

వాకిట్లో పట్టా పరిచి ఉంది. దాని మీద ఎర్రగా, ముడతలు ముడతలుగా బ్యాడగి మిరప. చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని ముచ్చికలు తుంచుతున్నారు. మధ్యలో నీలవ్వ. ఎవరిదో కోడలి గురించి ఏదో అంటోంది. తలమీద కొంగు జారినా సర్దుకోలేదు.

దాక్షాయణి చెప్పులు విడిచి ఒక పక్క కూర్చుంది. ఆమెను చూడగానే మాటలు తగ్గాయి. ఎదురింటి ఎల్లవ్వ మాత్రం ముచ్చిక తుంచుతూనే అడిగింది.

"ఏం దాక్షాయణవ్వా, మీ మామ పొద్దున్నే కోల్డ్ స్టోరేజికి పోయాడంట?"

"అవును పెద్దమ్మా. కారానికి."

"ఆఁ, కారానికే." ఎల్లవ్వ పక్కన కూర్చున్నామెను మోచేత్తో పొడిచింది. "మా ఇంటాయన కూడా రేపు కారానికే పోతున్నాడు. ట్రాక్టరు కట్టుకుని."

అందరూ నవ్వారు.

"మాదీ కారానికే," అంది ఇంకొకామె. "లారీ మాట్లాడాం. మా ఇంట్లో కారం ఎక్కువ తింటారు తల్లీ."

దాక్షాయణి నవ్వలేకపోయింది. చేతిలో ఉన్న మిరపకాయ అలాగే ఉండిపోయింది.

"నిజంగా కారానికే పెద్దమ్మా. రెండు బస్తాలే. అత్త అడిగితే..."

"మేం కాదన్నామా? ధర చెప్పే ఆఫీసులో ఉన్నదానివి. నోటితో చెప్పకూడదని మాకూ తెలుసు. మేమేం అడగలేదు, నువ్వేం చెప్పలేదు." ఎల్లవ్వ గొంతు తగ్గించింది. ఆ గొంతులో నిజమైన ప్రేమే ఉంది. "నీ ఋణం ఉంచుకోములే తల్లీ."

పడమటి దిక్కున ఎక్కడో ఉరిమింది. చిన్న ఉరుమే. నీలవ్వ ముఖం మారిపోయింది. లేచి నిలబడి పొలాల వైపు చూసింది.

"సోమ ఎక్కడ? సోమ ఇంట్లోనే ఉన్నాడా?"

"ఉన్నాడత్తా. వెనక పశువుల దగ్గర."

"లోపలికి రమ్మను. అందర్నీ లోపలికి రమ్మను."

ఆడవాళ్ళు మాట్లాడకుండా పట్టా నాలుగు చెంగులూ పట్టి లోపలికి చేర్చి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. వాన రాలేదు.

ఫకీరగౌడ అరుగు మీదే ఉన్నాడు. దాక్షాయణి ఆయన ఎదుట నిలబడింది.

"ఊళ్ళో ఏమనుకుంటున్నారో విన్నారా మావయ్యా?"

"విన్నాను."

"కాదని చెప్పండి."

"చెప్పాను. కాదని చెప్పేకొద్దీ బండ్లు కడుతున్నారు." ఆయన తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రెండు బస్తాలే తెచ్చానంటే, మిగతావి ఎప్పుడు పోతాయి గౌడా అని కన్ను గీటుతున్నారు. తేలేదంటే ఒక బాధ, తెచ్చానంటే ఒక బాధ."

"నేను పోయి చెబుతాను."

"ఏమని? అమ్మండనా, అమ్మొద్దనా?"

అమ్మొద్దంటే అబద్ధం. ఆ అబద్ధం నమ్మినవాడు మునిగిపోతాడు. అమ్మండంటే మాట తప్పినట్టు. నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు.

"పోయి కాళ్ళు కడుక్కో," అన్నాడాయన నెమ్మదిగా. "మాట్లాడకపోవడమే నీకు చేతనైంది. అదే చెయ్యి."

అది నిష్ఠూరమో, ఓదార్పో ఆమెకు తెలియలేదు.

*

గురువారం మార్కెట్ యార్డులో టెండరు రోజు, షావుకార్లు ధర వేసి సరుకు కొనే రోజు. తెల్లవారేసరికే ఊళ్ళో ట్రాక్టర్లు కదిలాయి. ఈ ఊరిని చూసి పక్క ఊరు, ఆ ఊరిని చూసి అవతలి ఊరు.

దాక్షాయణి విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. అత్తగారు మిరపకాయలు వేయిస్తానంది. అది ఒక్కతే చేయగల పని కాదు. పెరట్లో పెద్ద మూకుడు కింద మంట పెట్టి, ధనియాలు, మెంతులు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించి పక్కన పెట్టారు. తర్వాత మిరప. ఘాటుకు ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరూ తుడుచుకోలేదు.

మధ్యాహ్నం దాటాక సోమనగౌడ మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. అతను చెప్పులు విడవకుండానే పెరట్లోకి వచ్చాడు. అరుపులు వినబడి ఫకీరగౌడ కూడా వచ్చాడు.

"పడిపోయింది! యార్డులో బస్తాలు దించడానికి చోటు లేదు. పొద్దున మొదటి బండ్లు మంచి ధరకే పోయాయి. ఎల్లవ్వ మొగుడు అమ్ముకుని బజ్జీలు తింటున్నాడు. నన్ను పిలిచి ఒకటి పెట్టాడు కూడా! మీ వదిన చల్లగా ఉండాలి అన్నాడు. తర్వాత వచ్చిన బండ్లకి అడిగే నాథుడు లేడు."

"మన పేరు చెప్పుకుని అమ్ముకున్నారా?" అంది నీలవ్వ.

"మన పేరు చెప్పుకునే! ఊరంతా అమ్ముకుంది. మనం ఒక్కళ్ళమే మిగిలాం. మన ఇంట్లో ఉన్న దీపం ఊరికి వెలుగు, మనకి మసి."

"సోమా."

"తప్పేమన్నాను నాన్నా? షావుకారు కాళ్ళు పట్టుకున్నాను. సాయంత్రంలోగా దించితే పొద్దుటి ధరే ఇస్తానన్నాడు, పాత పరిచయం కొద్దీ. రేపైతే తన చేతిలో లేదన్నాడు. నేను లారీ తీసుకుని కోల్డ్ స్టోరేజికి పోతున్నా. హమాలీల మేస్త్రీ మౌలాసాబ్‌కి ఫోన్ చేసి ఎత్తమని నువ్వు చెప్పు. నీ నోటి మాట లేనిదే మేనేజరు తాళం తియ్యడు."

"ఆలోచించనీ."

"ఆలోచించడానికి ఏం మిగిలింది? చవితి దాకా ఆగుదామన్నావు. ఆగు. పండక్కి ఆ మిరపకాయలే దండ కట్టి వినాయకుడికి వేద్దువుగాని."

అతను వదిన వైపు చూడలేదు. వెళ్ళిపోయాడు. మోటారు సైకిలు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

అది వినబడటం ఆగకముందే దాక్షాయణి ఫోన్ మోగింది. మేడం.

"ఇంట్లో ఉన్నావా?"

"ఉన్నాను మేడం."

"రేపటి ప్రకటన ఆపేశారు. ధర ముందే పడిపోయాక అంచనా దేనికని పైవాళ్ళు అడుగుతున్నారు. అది చిన్న సంగతి. ముందుగా పడింది మీ ఊరి బండ్ల వల్లే అని యార్డు నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారు. సోమవారం విచారణ."

పొగ కమ్మి దాక్షాయణి దగ్గింది. నీలవ్వ మూకుడు దించింది.

"నేను చెప్పలేదు మేడం."

"నాకు తెలుసు. నాకు తెలిసి లాభం లేదు. మీ మామగారు ఎన్ని బస్తాలు తీశారు?"

"రెండు. కారానికి."

"కారానికి," అంది మేడం. "నేను నమ్ముతాను. మా అమ్మా కొట్టేది. కానీ కోటు వేసుకుని కూర్చునేవాళ్ళకి అది చెప్పి ఒప్పించలేను. మిగతా సరుకు?"

"గిడ్డంగిలోనే ఉంది."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే విను. నువ్వు చెప్పలేదనడానికి అదొక్కటే ఆధారం. ముందే తెలిసిన ఇల్లు సరుకు దాచుకుని కూర్చోదు. సోమవారం దాకా అది కదలకుండా ఉంటే నేను నీ పక్కన నిలబడి మాట్లాడతాను. కదిలితే..." ఆమె ఆగింది. "కదిలితే నీ పరిశోధన అక్కడితో ఆగుతుంది దాక్షాయణీ. నేను కూడా ఏమీ చేయలేను."

ఫోన్ పెట్టేశాక దాక్షాయణి నేల మీద కూర్చుంది. మేడం మాటలు అత్తమామలిద్దరూ సగం విన్నారు. మిగతా సగం ఆమె చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు.

ఫకీరగౌడ పెరటి గట్టు మీద కూర్చున్నాడు.

"అంటే సరుకు ఉంటే నువ్వు నిలబడతావు. పోతే ఇల్లు నిలబడుతుంది."

ఆమె తల వంచుకుంది.

"సోమవారం దాకా ఆగితే ఇంకా పడుతుందా?"

మొదటిసారి ఆయన అడిగాడు. ఇన్నాళ్ళూ చూశాడే తప్ప అడగలేదు.

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ఇప్పుడు కూడా చెప్పవు."

"చెప్పకూడదు మావయ్యా. ప్రకటన ఇంకా రాలేదు."

"ఇంక రాదంటున్నావు కదా."

"రాదు కాబట్టి ఇంక ఎప్పటికీ చెప్పకూడదు."

ముసలాయన ముఖంలో కోపం కనబడుతుందేమోనని ఆమె చూసింది. కనబడలేదు.

"మొన్న నువ్వు ఈ వారంలోనే అన్నావు," అన్నాడాయన. "నేను ఆ మాట పట్టుకున్నాను. కోల్డ్ స్టోరేజి దాకా దారంతా అదే ఆలోచన. తలుపు దగ్గర మొత్తం ఎత్తించేద్దామనుకున్నాను. మౌలాసాబ్ కూడా అడిగాడు, రెండేనా గౌడరే అని. కోడలు చెప్పని మాట దొంగతనంగా తీసుకోవడం బాగోదనిపించింది. రెండే ఎత్తించాను."

"నేను వానలకనే అన్నాను మావయ్యా."

"వానలకనే అన్నావా?"

అవునని ఆమె వెంటనే అనలేకపోయింది. వానలకనే అంది. అత్త మాట్లాడిందన్న సంతోషంలో అంది. కానీ తనకు తెలిసిన సంగతి ఆ మాటలో ఎక్కడా లేదని ఇప్పుడు ఎవరి ముందు ప్రమాణం చేయగలదు?

నీలవ్వ మిరపకాయలను చేటలోకి వంచుతోంది. తల ఎత్తకుండానే అంది.

"విరూపాక్ష దీన్ని చదువుకు పంపింది మనకి ధర చెప్పడానికా?"

ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఏడాది. ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె చేటలో కాయలు సర్దుతూనే ఉంది.

"వాడు ఒక మాట అన్నాడు నాతో. అమ్మా, అది మనకోసం కాదు, ఊరికోసం చదువుతోంది అని. ఊరు అమ్ముకుంది. బాగుపడింది. ఇంకేం కావాలి మీకు?"

"ఇంట్లో సోమ కూడా ఉన్నాడే," అన్నాడు ఫకీరగౌడ. "వాడి బోరు? వాడు ఉద్యోగం వదిలి వచ్చింది దేనికి? ఒకడు పోయాడు, రెండోవాడిని ఎండబెట్టమంటావా?"

నీలవ్వ చేట పక్కన పెట్టింది.

ముగ్గురి మధ్యా పొగ మెల్లగా పలచబడుతోంది. ఎవరూ దగ్గలేదు.

ఫకీరగౌడ చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన తీసి చూసి, స్పీకరు నొక్కాడు.

"గౌడరే, నేను మౌలాని. చిన్నగౌడ వచ్చాడు. లారీ తలుపు దగ్గరే ఆపించాడు. హమాలీలు కూర్చున్నారు. మీరు చెప్పనిదే తాళం తియ్యనని మేనేజరు అంటున్నాడు. ఎత్తమంటారా, వద్దా?"

ఫకీరగౌడ ఫోన్‌ను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత స్పీకరు ఆపి, చెయ్యి కోడలి వైపు చాపాడు.

"నువ్వు చెప్పు."

"మావయ్యా..."

"ఎత్తమని నేనంటే నీ చదువు నేను తీసుకున్నట్టు. వద్దని నేనంటే నా కొడుకు నోటి ముందు కూడు నేను తీసినట్టు. నాకు రెండూ చేతకావు. ధర చెప్పమనడం లేదు నిన్ను. ఈ ఒక్క మాటా చెప్పు. ఏది చెప్పినా ఇంక ఈ ఇంట్లో ఎవరూ నిన్ను అడగరు. సోమ కూడా."

ఆమె ఫోన్ అందుకుంది. మిరపకాయల రంగు ఇంకా అంటుకునే ఉంది ఆమె వేళ్ళకు.

"హలో? హలో, గౌడరే?"

"మౌలా చాచా, నేను దాక్షాయణిని."

అవతల వెనక నుంచి హమాలీల మాటలు, లారీ ఇంజను శబ్దం వినిపిస్తున్నాయి.

"మీరా అమ్మా? గౌడ ఫోన్ మీకిచ్చాడా?"

"అవును చాచా. వినండి..."

"వద్దమ్మా, వద్దు. మీరు చెప్పకూడదు కదా. ఊరంతా తెలుసు." మౌలాసాబ్ గొంతు భక్తితో తగ్గిపోయింది. "ఆయన ఫోన్ మీ చేతికిచ్చాడంటే చాలు. నాకర్థమైంది."

ఫోన్ పెట్టేశాడు.

ఆమె చెవి దగ్గర నుంచి ఫోన్ దించలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు ఫకీరగౌడ.

"అర్థమైందన్నారు."

"ఏం అర్థమైంది? ఎత్తమనా, వద్దనా?"

దాక్షాయణి మామగారి నంబరు నుంచే తిరిగి ఫోన్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. గిడ్డంగి తలుపులు తెరిస్తే లోపలి యంత్రాల హోరులో ఫోన్ వినబడదని, నిన్న రెండు బస్తాలకే చెవులు హోరెత్తాయని ఫకీరగౌడ మెల్లగా చెప్పాడు.

"అయితే తెరిచారు," అంది నీలవ్వ.

"లేదంటే బండి వెనక్కి తిప్పిస్తూ ఉండాలి," అన్నాడాయన.

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.